నెలలు నిండని బిడ్డ
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో ఒక మాట ఉంది. "ఏడో నెల పిల్ల బతుకుతుంది గాని, ఎనిమిదో నెల పిల్ల దక్కదు" అని. మీరూ వినే ఉంటారు. మా అమ్మ అనేది, మా అత్తగారూ అనేవారు. నేనూ నమ్మినదాన్నే. నమ్మి నోరు మూసుకుని ఊరుకున్నా బాగుండేది. కాన్పయి ఒక్క పూటయినా కాని నా కూతురి మంచం పక్కన కూచుని, "అమ్మా, దాని మీద మరీ మనసు పెట్టుకోకే" అన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. ఆ మాట ఏం పని చేసిందో తరువాత చెబుతాను. అలాటి మాట మీలో ఎవరి నోటి వెంటా రాకూడదనీ, నెలలు నిండని బిడ్డ పుడితే ఆసుపత్రిలో ఏం జరుగుతుందో, ఇంట్లోవాళ్ళం ఏం చెయ్యాలో చెబుదామనీ ఈ ప్రసంగం.

నేను డాక్టర్ని కాను. మీలాగే ఇల్లు చూసుకునేదాన్ని. ముప్పై తొమ్మిది రోజులు ఆసుపత్రి వరండాలో కూచుని, డాక్టర్లనూ సిస్టర్లనూ అడిగి తెలుసుకున్నవీ, ఆ తరువాత చదివి సరిచూసుకున్నవీ చెబుతున్నాను.

2022 కార్తీకమాసం. మా అమ్మాయికి తొలి కాన్పు. సీమంతం అయ్యాక పురిటికని విజయవాడ తీసుకొచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు లేచి, "అమ్మా, పక్క తడిసింది" అంది. నొప్పులు లేవు. "ఏం కాదులే, తెల్లారాక చూద్దాం, పడుకో" అన్నాను. అదృష్టం కొద్దీ అల్లుడు ఆ వారం మా ఇంట్లోనే ఉన్నాడు. అతను నా మాట వినలేదు. వెంటనే కారు మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చూస్తే ఉమ్మనీటి సంచి చిట్లింది. అప్పటికి ముప్పై ఒకటో వారం నడుస్తోంది. మన లెక్కలో ఎనిమిదో నెల.

డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది, "నీళ్ళు ఎన్ని గంటలకి పోయాయమ్మా?" అని. ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు. తెల్లారేదాకా ఆగి ఉంటే నాలుగు గంటలు పోయేవి. ఆ నాలుగు గంటల విలువేమిటో తరువాత తెలిసింది.

కాన్పు ఎప్పుడొస్తుందో లెక్క కట్టడం మీకందరికీ తెలుసు. చివరిసారి బయటచేరిన మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డని నెల తక్కువ బిడ్డ అంటారు. 32 వారాలకి ముందు పుడితే ప్రమాదం ఎక్కువ, 28 వారాలకి ముందయితే మరీ ఎక్కువ. ఇది అరుదైన సంగతి అనుకోకండి. 2020లో మన దేశంలో ఇలా పుట్టిన పిల్లలు సుమారు 30 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క. ప్రతి వంద కాన్పుల్లోనూ పదమూడు దాకా అన్నమాట. మన వీధిలో, మన వాటాల్లో, మన చుట్టాల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ఇహ ఏడో నెలా, ఎనిమిదో నెలా సంగతి. ఈ నమ్మకం మనకొక్కళ్ళకే లేదుట. రెండు వేల ఏళ్ళకు పైబడిన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఎనిమిదో నెల బిడ్డ బతకదనే ఉంది. ఎంత పాతదయినా తప్పు తప్పే. కడుపులో గడిపే ప్రతి వారమూ బిడ్డకి లాభమే. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డకి ఏడో నెలలో పుట్టిన బిడ్డ కన్నా బతికే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ రాత్రే మా అమ్మాయికి ఒక సూది ఇచ్చారు. పన్నెండేసి గంటల ఎడంతో అలాటివి నాలుగు. అది స్టెరాయిడ్ మందు. "నొప్పులు లేవు, జ్వరం లేదు, సూదులెందుకు?" అని నేను గొణిగాను. ఆ సూది తల్లికి కాదు, తల్లి ద్వారా బిడ్డకి. బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా పక్వానికి రావడానికి.

ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గాలి గదులు లక్షలకొద్దీ ఉంటాయి. తడిసిన పాలిథిన్ సంచి చూడండి, రెండు పొరలూ అతుక్కుపోయి ఓ పట్టాన విడవవు. ఆ గాలి గదులూ అంతే. అవి అతుక్కుపోకుండా లోపల జిడ్డులాటి పదార్థం ఒకటి తయారవుతుంది. అది సరిపడా తయారయ్యేది దాదాపు 34, 35 వారాలకి. అంతకు ముందే పుట్టిన బిడ్డకి ప్రతి ఊపిరీ ఒక పెద్ద బరువు ఎత్తినంత పని. పక్కలు ఎగరేస్తూ, మూలుగుతూ కాసేపటికి అలిసిపోతుంది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ గారికి ఒక కొడుకు పుట్టాడు. అయిదారు వారాలు ముందుగా పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. ఈ ఊపిరితిత్తుల జబ్బుతోనే 39 గంటల్లో పోయాడు. ఆ జిడ్డు పదార్థం లేకపోవడమే జబ్బుకి కారణమని మేరీ ఎల్లెన్ ఎవరీ అనే డాక్టరమ్మ అప్పటికి నాలుగేళ్ళ కిందటే, 1959లో, కనిపెట్టింది. కాని వైద్యం ఇంకా రాలేదు. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ అనే ఇద్దరు డాక్టర్లు, నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి ముందుగా ఈ సూది ఇస్తే బిడ్డ ఊపిరి తేలికవుతుందని నిరూపించారు. అంత గొప్పింటి బిడ్డకి దొరకని ఆ మందు ఇవాళ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇస్తున్నారు.

కాని దానికి సమయం కావాలి. సూదికీ కాన్పుకీ మధ్య కొన్ని గంటలు, వీలయితే ఒకటి రెండు రోజులు గడిస్తే బాగా పని చేస్తుంది. అందుకే డాక్టరమ్మ గంటలు అడిగింది. కాబట్టి, అమ్మా, కడుపుతో ఉన్న పిల్ల నీళ్ళు పోయాయన్నా, ఎర్రబట్ట కనిపించినా, పొట్ట గట్టిపడి వదులుతోందన్నా, నడుం నొప్పి వచ్చి పోతూ ఉందన్నా, తలనొప్పితో కళ్ళు మసకలు కమ్ముతున్నాయన్నా, "తెల్లారాక చూద్దాం" అనకండి.

మూడో రోజున పిల్ల పుట్టింది. ఆడపిల్ల. 1,380 గ్రాములు. ఏడ్చిందో లేదో నాకు వినపడలేదు. ఒక్క క్షణం చూపించి లోపలికి తీసుకెళ్ళిపోయారు.

ఆ వార్డులోకి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను మూర్ఛపోలేదు గాని అంత పనీ అయింది. అద్దాల పెట్టెలో అరచెయ్యంత పిల్ల. చర్మం ఎర్రగా, పల్చగా, లోపలి నరాలు కనిపించేటట్టు ఉంది. భుజాల మీద నూగు. మూతికీ ముక్కుకీ గొట్టాలు. కాలికి ఎర్రదీపం ఒకటి కట్టి ఉంది. ఉండుండి మిషన్లు గంటలు కొడుతున్నాయి. నాకేమో గంట మోగిన ప్రతిసారీ ప్రాణం పోయినట్టే ఉంది. సిస్టరేమో తీరిగ్గా వెళ్ళి పిల్ల పాదాన్ని వేలితో తట్టి వస్తోంది.

అడగ్గా అడగ్గా ఒక్కొక్కటే చెప్పింది. కాలి దీపం రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపిస్తుంది. ముక్కు గొట్టం పక్క నీళ్ళసీసాలో బుడబుడమని బుడగలొస్తాయి, ఆ ఒత్తిడితో గాలి గదులు మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. ఇంత చిన్నపిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మరిచిపోతారు. మెదడులో ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోలేదు మరి. అప్పుడు తట్టి గుర్తు చెయ్యాలి. దానికి మందేమిటో చెబితే మీరు నవ్వుతారు. కెఫీన్! మనం పొద్దున్నే తాగే కాఫీలో ఉండే సరుకే. కొలిచి మందులా ఇస్తారు. అలాగని ఇంట్లో ఎవరూ కాఫీ చుక్క నాలిక్కి రాయకండి.

ఆ అద్దాల పెట్టె వెచ్చదనం కోసం. చర్మం కింద కొవ్వు లేని పిల్ల ఒంట్లో వేడి నిలవదు. మా అమ్మకి నా తరువాత ఒక ఎనిమిదో నెల బిడ్డ పుడితే, దూదిలో చుట్టి కుంపటి పక్కన పడుకోబెట్టారు. నాలుగో రోజున పోయాడు. మావాళ్ళు ఆ మాటని నమ్మడానికి కారణం అదే కాబోలు. 1880 ప్రాంతంలో పారిస్‌లో టార్నియే అనే డాక్టరు, జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టె చూసి, అలాటిది పసిపిల్లలకెందుకు ఉండకూడదని చేయించాడట. కుంపటికీ ఈ పెట్టెకీ ఉద్దేశం ఒకటే. వేడి ఎంతుండాలో కొలత తెలియడమే తేడా.

మూడో రోజో నాలుగో రోజో పిల్ల పచ్చబడింది. కామెర్లన్నారు. కళ్ళకి గంతలు కట్టి నీలిదీపం కింద పెట్టారు. దీని వెనక ఒక సిస్టర్ కథ ఉంది. 1956లో ఇంగ్లండులో వార్డ్ అనే సిస్టర్ నెల తక్కువ పిల్లల్ని ఎండపొడకి ఆరుబయటికి తీసుకెళ్ళేదట. ఎండ తగిలిన చోట పసుపు విరిగి, దుప్పటి కప్పిన చోట అలాగే ఉండటం గమనించి డాక్టర్లకి చూపించింది. ఈ దీపం వైద్యం అక్కణ్ణించి వచ్చిందే. పిల్లల్ని చేతుల్లో పెట్టుకుని చూసే ఆడవాళ్ళ కంటికి ఎంత విలువ ఉందో చూడండి. అయితే ఎండలో పెడితే సరిపోతుందని ఇంట్లో సొంత వైద్యం మాత్రం చెయ్యకూడదు. దీపానికి కొలత ఉంది, ఎండకి లేదు.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన మాట దగ్గరికి వస్తాను.

ఇంత చిన్నపిల్లకి పాలు చీకి, మింగి, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చెయ్యడం చేత కాదు. అది 34 వారాలయితే గాని రాదు. అందాకా తల్లి పాలు పిండి ఇస్తే, గొట్టం ద్వారా ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున పోస్తారు. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా తల్లి పాలు పిండాలి. పిండితేనే పాలు పడతాయి. పిండకపోతే ఎండిపోతాయి. మా అమ్మాయి మొదటి రోజు పిండలేదు. రెండో రోజూ పిండలేదు. సిస్టర్ గిన్నె ఇచ్చి వెళితే గోడ వైపు తిరిగి పడుకుంది. నేను గట్టిగా అడిగితే, "బతకని పిల్లకి పాలెందుకమ్మా? నువ్వేగా చెప్పావు" అంది.

నా తల కొట్టేసినట్టయింది. నేను అన్న ఒక్క మాటకి, రెండు రోజులు ఆ పిల్లకి తల్లిపాలు లేకుండా పోయాయి. సిస్టర్ వింది. నన్ను పక్కకి పిలిచి, "అమ్మమ్మగారూ, ఇక్కడ సగం వైద్యం మేం చేస్తాం. మిగతా సగం ఆ అమ్మాయి దగ్గరుంది. మీరు దాన్ని కానివ్వడం లేదు" అంది. చిన్నపిల్ల, నా కూతురి వయసుంటుంది. కాని నిజం చెప్పింది.

నేను వెళ్ళి నా కూతురి చేతులు పట్టుకున్నాను. "తప్పు మాట అన్నానే. నాకు తెలియక అన్నాను" అని చెప్పాను. తల్లి కూతురికి అలా చెప్పుకోవడం మన ఇళ్ళలో లేదు. అయినా చెప్పాను. ఆ రాత్రి పన్నెండింటికి ఇద్దరం కూచుని పిండితే అయిదు చుక్కలొచ్చాయి. చిక్కగా, పచ్చగా, ముర్రుపాలు. ఆ అయిదు చుక్కలూ సిస్టర్ పారబొయ్యలేదు. సిరంజిలో తీసి పిల్ల బుగ్గల లోపల రాసింది. వారం తిరిగేసరికి పూటకి ముప్పై మిల్లీలీటర్లు.

నెల తక్కువ బిడ్డని కన్న తల్లి పాలల్లో మాంసకృత్తులు, రోగాన్ని ఎదిరించే పదార్థాలు ఎక్కువ పాళ్ళలో ఉంటాయి. ఇలాటి పిల్లలకి పేగు కుళ్ళే జబ్బు ఒకటి వస్తుంది, ప్రాణాంతకమైనది. డబ్బాపాల మీద పెరిగే పిల్లల్లో అది ఎక్కువ, తల్లిపాల మీద ఉన్న పిల్లల్లో తక్కువ. తల్లికి పాలు చాలకపోతే తల్లిపాల బ్యాంకులున్నాయి. 1989లో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ గారు బొంబాయి సయన్ ఆసుపత్రిలో మొదలుపెట్టినది ఆసియా మొత్తానికే మొదటిది. మన హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' అనే పాల బ్యాంకు మొదలయింది. పాలు ఎక్కువగా ఉన్న బాలింతలు సింకులో పారబోసుకునే బదులు ఇలాటిచోట ఇస్తే ఒక ప్రాణానికి ఆధారం.

తొమ్మిదో రోజున డాక్టరుగారు, "ఇవాళ పిల్లని తల్లి గుండె మీద పెడదాం" అన్నారు. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. కంగారూ పిల్లని పొట్టసంచిలో పెట్టుకు తిరుగుతుంది కదా, ఆ పోలిక. 1978లో కొలంబియా దేశంలో బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు, పెట్టెలు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సి వస్తుంటే, తల్లులనే పెట్టెలుగా చేశాడు. పేద ఆసుపత్రిలో గతిలేక మొదలైన పద్ధతి, పెట్టె కన్నా ఏం తీసిపోదని తేలింది. 2021లో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. కిలో నుంచి 1,800 గ్రాముల లోపు పిల్లలని పుట్టిన వెంటనే ఇలా తల్లి గుండెకి చేర్చితే మరణాలు నాలుగోవంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నెల తక్కువ పిల్లలందరికీ రోజుకి 8 గంటలకి తగ్గకుండా, 24 గంటల దాకా ఎంత వీలయితే అంత, ఇలాగే చెయ్యమంది.

చెయ్యడం కష్టం కాదు. పిల్లకి టోపీ, మేజోళ్ళు, లంగోటా తప్ప బట్టలుండవు. తల్లి రవికె ముందు విప్పి, రొమ్ముల మధ్య పిల్లని నిలువుగా, కప్పపిల్ల మాదిరి కాళ్ళు మడిచి ఆనిస్తారు. తల ఒక పక్కకి తిప్పి, కాస్త పైకెత్తి, ముక్కుకి ఊపిరాడేట్టు చూడాలి. మెత్తటి గుడ్డతో చుట్టి కడతారు. ఒకసారి పెడితే గంటకి తక్కువ కాకుండా ఉంచాలి. మాటిమాటికీ తీసి పెడితే పిల్ల అలిసిపోతుంది.

మా అమ్మాయి పెట్టుకున్న పది నిమిషాలకి గంట కొట్టే మిషన్ నోరు మూసుకుంది. పిల్ల ఊపిరి తల్లి ఊపిరితో కుదురుకుంది. ఆ తరువాత అల్లుడూ చొక్కా విప్పి కూచున్నాడు. మగవాళ్ళూ చెయ్యొచ్చు. నా వంతూ వచ్చింది. మనసు పెట్టుకోకని చెప్పినదాన్ని, రోజూ రెండు గంటలు గుండెకి కట్టుకుని కూచున్నాను.

ఇహ తప్పెవరిదన్న మాట. "ఆ రోజు డాబా మీదికి తడిబట్టలు మోసుకెళ్ళావు కదే" అని నేనే అన్నాను ఒకసారి. వియ్యపురాలు రాజమండ్రి నుంచి వస్తోందంటే, ఆవిడ మా పెంపకాన్ని ఏమంటుందోనని ముందే తప్పు కూతురి మీదికి తోస్తున్నానన్నమాట. డాక్టరమ్మ చెప్పింది: తల్లికి రక్తపోటు, మూత్రంలోనో మరోచోటో చీము పట్టడం, కవలలు, గర్భాశయం మూతి బిగువు లేకపోవడం, అంతకు ముందు కాన్పూ ఇలాగే కావడం, ఇవి కారణాలు కావచ్చు. చాలాసార్లు కారణం ఏదీ దొరకదు. తడిబట్టల బకెట్టు కారణం కాదు. వియ్యపురాలు వచ్చి, అంతా విని, "తప్పులెంచే పని తరువాత చూద్దాం గాని, వదినగారూ, రాత్రి డ్యూటీ ఎవరిది?" అంది. రోజు విడిచి రోజు ఇద్దరం పంచుకున్నాం. బాలింతకి నిద్ర దొరికింది.

శుభ్రం సంగతి వేరే చెప్పాలి. ఆ పిల్లలకి చీము పట్టే జబ్బులే పెద్ద శత్రువులు. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనిదే లోపలికి రానివ్వరు. నేను కనకదుర్గమ్మ కుంకుమ తెచ్చి పెట్టెలో పెట్టబోయాను. సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపి, "ఇది వాళ్ళమ్మకి పెట్టండి" అంది. పెట్టాను. అమ్మవారికి ఏ కోపమూ రాలేదు.

ఖర్చు మాట దాచను. మేం చేరింది ప్రైవేటు ఆసుపత్రి. నా రెండుపేటల గొలుసు బ్యాంకుకి వెళ్ళింది. మీరు తెలుసుకోవలసింది ఏమిటంటే, చాలా జిల్లాల్లో ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక వార్డులున్నాయి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అక్కడ జబ్బుపడ్డ పసిబిడ్డలకి వైద్యం, మందులు, రానూ పోనూ బండి ఉచితం. డబ్బు లేదని బిడ్డని ఇంటికి తెచ్చుకోవద్దు.

ముప్పై తొమ్మిదో రోజున 1,900 గ్రాముల పిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికి ఉగ్గుగిన్నెతో పాలు తాగుతోంది, రొమ్ము పట్టడం నేర్చుకుంటోంది. కథ అయిపోయిందనుకున్నాను. అసలు గండం అప్పుడే మొదలయింది. తెచ్చిపెట్టబోయినదాన్ని నేనే.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కంటి వెనక రెటీనా అనే పొర మీద రక్తనాళాలు మెల్లిగా అల్లుకుంటూ వస్తాయి. ఆ అల్లిక పూర్తయ్యేది నెలలు నిండే వేళకి. ముందే పుట్టిన పిల్లలకి అది సగంలో ఆగి, తరువాత అడ్డదిడ్డంగా పెరగొచ్చు. ప్రాణవాయువు ఎక్కువయితే మరీను. ముదిరితే ఆ పొర ఊడిపోయి పూర్తిగా చూపు పోతుంది. బయటికి ఏమీ కనిపించదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు. కంటి డాక్టరు లోపలికి చూస్తే తప్ప తెలియదు. అందుకే 34 వారాలకు ముందు పుట్టిన పిల్లలకీ, రెండు కిలోల లోపు పిల్లలకీ పుట్టిన 30 రోజుల్లోపు కంటి పరీక్ష చేయించి తీరాలి. మరీ చిన్నవాళ్ళకయితే రెండు మూడు వారాలకే.

మా పిల్లకి ఆసుపత్రిలోనే ఇరవై ఏడో రోజున చూశారు. "ఇంకా అల్లిక పూర్తి కాలేదు, రెండు వారాలకి మళ్ళీ తప్పకుండా తీసుకురండి" అని చీటీ రాసిచ్చారు. ఆ రోజు చూస్తే అమావాస్య. ఇంటికొచ్చి రెండు రోజులే అయింది. బయట మంచు, చలి. "రెండు కిలోలు లేని పిల్లని అమావాస్య పూట గడప దాటిస్తారా? కళ్ళు చక్కగా దీపం వంక తిప్పుతోంది. సంక్రాంతి వెళ్ళాక తీసుకెళ్ళొచ్చు" అని అడ్డంగా కూచున్నాను. మా అమ్మాయి ఏం మాట్లాడలేదు. పిల్లని గుండెకి కట్టుకుంది, పైన శాలువా కప్పుకుంది, చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఒకసారి నీ మాట విన్నానమ్మా" అంది. అంతే. వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. రెండు కళ్ళలోనూ జబ్బు ముదిరింది. రెండు మూడు రోజుల్లోపల లేజర్ చెయ్యాలి, లేకపోతే లాభం లేదన్నారట. మర్నాడే చేశారు. సంక్రాంతి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నన్ను అడగకండి.

ఇంటికొచ్చాక చెయ్యకూడనివి కొన్ని చెబుతాను, మన పెద్దవాళ్ళం చేసేవే ఇవి. సాంబ్రాణి పొగ వెయ్యకూడదు, ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ఉగ్గు, ఆముదం, వసకొమ్ము, తేనె నాలిక్కి రాయకూడదు. డాక్టరు చెప్పేదాకా తలంటులు వద్దు. కళ్ళకి కాటుక వద్దు. చూడ్డానికొచ్చినవాళ్ళని ముద్దాడనివ్వకండి, జలుబున్నవాళ్ళని గదిలోకే రానివ్వకండి. పిల్ల పాలు మానేసినా, చల్లబడినా, మగతగా ఉన్నా, పక్కలెగరేసినా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా అప్పటికప్పుడు ఆసుపత్రికే. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి. చెవుల పరీక్షా చేయించాలి.

ఎదుగుదలకి లెక్క వేరు. పక్కింటి పిల్ల నాలుగో నెలలో బోర్లా పడిందని మన పిల్లని పోల్చుకోకండి. ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు వయసులోంచి తీసెయ్యాలి. మా పిల్లకి తొమ్మిది వారాలు తీసేసేవాళ్ళం. రెండేళ్ళు వచ్చేదాకా ఆ లెక్కే. అలా తీసేశాక కూడా వెనకబడి ఉంటే డాక్టరుకి చూపించాలి.

మా మనవరాలు ఇప్పుడు బడికెళుతోంది. కళ్ళజోడు ఉంది. లేజర్ చేసిన పిల్లలకి చాలామందికి అది తప్పదట. ఆ కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు మీదికి జారుతుంది, నా కొంగుతో తుడిచి పెట్టమంటుంది. మొన్న నేను సూదిలోకి దారం ఎక్కించలేక తంటాలు పడుతుంటే, "ఇలా తే అమ్మమ్మా" అని తీసుకుని, నాలిక బయటపెట్టి, రెండు మూడుసార్లు తప్పి, ఎక్కించింది. దారం ఎక్కించిన సూది నా చేతిలో పెట్టి పరుగెత్తుకు పోయింది.

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని నెలలు నిండని బిడ్డ పుడితే, ఆ తల్లి దగ్గరికి వెళ్ళి కూచోండి. పాలు పిండే గిన్నె కడిగి పెట్టండి. రాత్రి డ్యూటీ ఒకటి పంచుకోండి. కంటి పరీక్ష ఎప్పుడని అడగండి. ఏడో నెలా, ఎనిమిదో నెలా అన్న మాట మాత్రం ఎత్తకండి.